వృద్ధాశ్రమంలో ఒకరికొస్తే అందరికీ పాకకుండా ఏం చేయాలి? (విశాఖ)

పెందుర్తి_ప్లాను
సోమవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. పెందుర్తి వైపు 40 పడకల వృద్ధాశ్రమానికి అంటువ్యాధుల నివారణ పద్ధతి రాస్తున్నాం. రెండంతస్తులు, నాలుగేసి పడకల గదులు పది. ఆయాలు పగలు ఆరుగురు, రాత్రి ముగ్గురు. నర్సు ఒక్కరే. ఇప్పటికి కాగితం మీదున్నవి: గుమ్మం దగ్గర శానిటైజర్, రెండు పూటలా ఫినాయిల్, నెలకోసారి ఫాగింగ్, వచ్చేవాళ్ల సంతకాలకు ఒక రిజిస్టరు. ఇవి చాలవని తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలి? "పరిశుభ్రత పాటించండి" లాంటివి కాకుండా కొలతలతో చెప్పండి.

మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి అనే అర్థం కాబట్టి ఆ మాట వాడలేదు. ఇక్కడ అడిగేది పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఉండే చోటు గురించి.

వాల్తేరు_సిస్టర్
సోమవారం, ఉదయం 9:48

మీ నాలుగింటిలో ఒక్క రిజిస్టరే పనికొచ్చేది. అదీ తప్పు రిజిస్టరు. ఎవరొచ్చారో రాసుకోవడం కంటే ముందు ఎవరికి ఏమైందో రాసుకోవాలి.

ఒక పొడవు నోట్‌బుక్ తీసుకోండి. అడ్డంగా గళ్లు: తేదీ, సమయం, పేరు, గది, పడక, మొదటి లక్షణం, జ్వరం ఎంత, క్రితం పూట ఏం తిన్నారు, ఆ షిఫ్టులో చూసిన ఆయా ఎవరు. ప్రతి షిఫ్టు చివర రాయాలి, ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి. ఖాళీగా వదిలితే, లేదని వదిలారో మరిచిపోయి వదిలారో తెలీదు. దాని పక్కనే రెండంతస్తుల పడకల పటం గీసి గోడకి అంటించండి. జబ్బు పడ్డ పడక మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో చుక్క, పక్కన తేదీ. మూడు చుక్కలు ఒకే గదిలో పడ్డాయా, ఒకే ఆయా చూసే మూడు గదుల్లో పడ్డాయా అన్నది చూడగానే తెలిసిపోతుంది. మొదటిదైతే గదిని చూడాలి. రెండోదైతే చేతుల్ని చూడాలి.

గంట కొట్టాల్సిన హద్దులు కూడా అదే గోడ మీద ఉండాలి. 24 గంటల్లో ఇద్దరికి వాంతులో విరేచనాలో అయితే వ్యాప్తి మొదలైనట్టే అనుకుని పని మొదలెట్టాలి. 72 గంటల్లో ఇద్దరికి జ్వరం, దగ్గు వస్తే ఫ్లూ, కోవిడ్ పరీక్షలు. రెండు వారాల్లో ఇద్దరికి రాత్రిపూట దురద వస్తే గజ్జి అనుకుని చర్మం చూడాలి. "రేపటిదాకా చూద్దాం" అన్న ఆ ఒక్క రోజులోనే రెండో అంతస్తుకి ఎక్కేస్తుంది.

బీచ్‌రోడ్డు_డాక్టర్
సోమవారం, ఉదయం 10:30

సిస్టర్ చెప్పినదానికి ఒకటి కలపాలి. డెబ్భై దాటినవాళ్లకి జ్వరం మామూలు లెక్కలో రాదు. 101 వచ్చేదాకా ఆగితే న్యుమోనియా ముదిరిపోతుంది. నోట్లో పెట్టి చూసినప్పుడు ఒక్కసారి 37.8 సెల్సియస్ (100 ఫారన్‌హీట్) దాటినా, లేదా ఆ మనిషి మామూలు ఉష్ణోగ్రత కంటే 1.1 డిగ్రీల సెల్సియస్ పెరిగినా జ్వరం కిందే రాయండి. దీనికి ముందు ప్రతి ఒక్కరి మామూలు ఉష్ణోగ్రత తెలిసుండాలి కదా. ఆరోగ్యంగా ఉన్న వారంలో మూడు రోజులు, ఒకే వేళకి చూసి కేస్ షీట్ మొదటి పేజీలో రాసి పెట్టండి. చంకలో పెట్టి చూస్తే తక్కువ చూపిస్తుంది. చూసే పద్ధతి ఒక్కటే ఉండాలి, మార్చకూడదు. థర్మామీటరు ఒకరి నోట్లోంచి మరొకరి నోట్లోకి పోకూడదని వేరే చెప్పక్కర్లేదు.

జ్వరం లేకుండా వచ్చే గుర్తులు ఇంకా ముఖ్యం: నిన్నటిదాకా తిన్న మనిషి అన్నం ముట్టకపోవడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం, కొత్తగా పక్క తడపడం, కారణం లేకుండా పడిపోవడం. ఆయాలే వీటిని ముందు పసిగడతారు. "మామ్మగారు ఇయ్యాల అదోలా ఉన్నారు" అన్న మాటని కూడా రిజిస్టరులో లక్షణంగా రాయనివ్వండి. నర్సు దాన్ని తీసిపారేయకూడదు.

సంపెంగ_సింహాచలం
సోమవారం, ఉదయం 11:05

అంతా బాగానే ఉంది గానీ ఖర్చు మాటేమిటి? రోజూ బక్కెట్‌లో ఒక మూత హైపో (సోడియం హైపోక్లోరైట్, క్లోరిన్ మందు) వేసి గదులన్నీ తుడిస్తే క్రిములు పోవా? చాలాచోట్ల చేసేది అదే.

క్లోరిన్_లెక్క
సోమవారం, ఉదయం 11:40

పోవు. లెక్క వేద్దాం.

బజార్లో దొరికే హైపో మామూలుగా 5 శాతం. మూత 10 మి.లీ. అనుకుంటే అందులో క్లోరిన్ అర గ్రాము. బక్కెట్ 15 లీటర్లు. అంటే లీటరుకు 33 మిల్లీగ్రాములు, 33 పీపీఎం. వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కి కావల్సింది 1000 నుంచి 5000 పీపీఎం. మీ బక్కెట్‌లో ఉన్నది వాసన మాత్రమే.

1000 పీపీఎంకి లీటరు నీళ్లలో 5 శాతం హైపో 20 మి.లీ., అంటే 15 లీటర్ల బక్కెట్‌కి 300 మి.లీ. ఇది మంచం కమ్మీలు, తలుపు పిడులు, స్విచ్చులు, కమోడ్ సీటు, గోడ పట్టుకమ్మీలకి. 5000 పీపీఎంకి 100 మి.లీ. హైపో, 900 మి.లీ. నీళ్లు. ఇది వాంతి, విరేచనం పడ్డ చోటికి. సీసా మీద 10 శాతం అని ఉంటే కొలత సగం చేయండి. లేబుల్ చూడకుండా కొలవద్దు.

బ్లీచింగ్ పౌడరు వాడితే మంచి సరుకులో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది. లీటరుకు 3 గ్రాములు వేస్తే 1000, 15 గ్రాములు వేస్తే 5000 పీపీఎం. కానీ మన సముద్రపు గాలికి సంచీ మూతి విప్పి ఉంచితే నెల తిరిగేసరికి సత్తువ పోతుంది. గడ్డ కట్టిన పౌడరు కొలతకి పనికిరాదు. చిన్న ప్యాకెట్లు కొని మూత బిగుసుకునే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. హైపో క్యాన్ కూడా మేడ మీద రేకుల గదిలో పెట్టేస్తారు. ఎండకీ వేడికీ దాని పని అయిపోతుంది. కిందే, చీకటిగా ఉన్నచోట ఉంచండి. కలిపిన నీళ్లు ఏరోజుకారోజు పారబోయాలి.

తుడిచిన తడి పది నిమిషాలు ఆరకుండా ఉండాలి. తుడిచిన వెంటనే పొడిగుడ్డతో ఒత్తేస్తే కలిపిందంతా దండగ. మెటల్ కమ్మీలైతే ఆ పది నిమిషాల తర్వాత మంచినీళ్లతో తుడవండి, లేకపోతే తుప్పు పడుతుంది.

టాయిలెట్ క్లీనర్లలో యాసిడ్ ఉంటుంది. దాన్నీ హైపోనీ ఒకే చోట పోస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపు మూసిన చిన్న బాత్‌రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. రెండు సీసాలూ ఒకే అరలో ఉండకూడదు.

సంపెంగ_సింహాచలం
సోమవారం, మధ్యాహ్నం 12:02

33 పీపీఎం లెక్క ఎప్పుడూ వేయలేదు. ఒప్పుకుంటున్నా. మరి ఫినాయిల్?

వాల్తేరు_సిస్టర్
సోమవారం, మధ్యాహ్నం 12:20

ఫినాయిల్‌ని మామూలు నేల తుడుపుకి వాడుకోండి, మానమనను. వాంతులు మొదలైన రోజున మాత్రం దాని మీద నమ్మకం పెట్టుకోవద్దు. నోరోవైరస్‌కి కొవ్వు పొర ఉండదు. శానిటైజర్ కూడా దాని మీద అంతంతమాత్రమే. సబ్బు, పారే నీళ్లు, 40 నుంచి 60 సెకన్లు. గుమ్మం దగ్గర శానిటైజర్ ఫ్లూకీ, కోవిడ్‌కీ బాగా పనిచేస్తుంది. విరేచనాల రోజుల్లో కాదు.

శానిటైజర్ గోడకి బిగించడం గురించి ఒక హెచ్చరిక. మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు దాన్ని తాగేస్తారు, కళ్లకి రాసుకుంటారు. అలాంటివాళ్లు ఉంటే గోడ మీద వద్దు. ఆయాల జేబులో 100 మి.లీ. సీసా చాలు.

వాంతి తీసే పద్ధతి చెప్తాను. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

మొదట సీలింగ్ ఫ్యాన్ ఆపండి. మన ఉక్కపోతకి ఎవరికీ ఆపబుద్ధి కాదు. వాంతి తుంపరలు గాలిలో లేస్తాయి, ఫ్యాన్ వాటిని పక్క పడకలకి చేరుస్తుంది. కిటికీలు తీయండి. పక్క పడకలవాళ్లని బయటి వరండాలోకి పంపండి. మాస్కు, ప్లాస్టిక్ ఏప్రన్, గ్లౌజులు వేసుకున్నాక పాత పేపర్లు నాలుగైదు మడతలు పరిచి తడిని పీల్చనివ్వండి. చీపురు తేవద్దు. బయటి అంచు నుంచి లోపలికి మడుస్తూ తీసి సంచిలో వేసి మూతి కట్టండి. సబ్బునీళ్లతో ఒకసారి తుడవండి. ఆ తర్వాతే 5000 పీపీఎం హైపో. ముందే హైపో పోసేస్తే ఆ మురికే క్లోరిన్‌ని మింగేస్తుంది, వైరస్ మిగిలిపోతుంది. చుట్టూ కనీసం రెండు మీటర్లు, మంచం కాళ్లు, స్టూలు, కింద వదిలిన చెప్పులు కూడా. పది నిమిషాలు ఆగాలి. గ్లౌజులు లోపలిది బయటికి వచ్చేలా తీసి, సబ్బుతో చేతులు కడిగాకే మాస్కు తాడు ముట్టుకోవాలి.

దీనికి కావల్సినవన్నీ ఒక మూత బక్కెట్‌లో పెట్టి ప్రతి అంతస్తుకీ ఒకటి ఉంచండి: పేపర్లు, రెండు జతల గ్లౌజులు, ఏప్రన్, మాస్కు, రెండు సంచులు, కొలత గీతలున్న మగ్గు, చిన్న హైపో సీసా. రాత్రి రెండింటికి స్టోర్ తాళం వెతకడం మొదలైతే ఎవరైనా తడిగుడ్డతో తుడిచి పడుకుంటారు.

వంటశాల_గాజువాక
సోమవారం, మధ్యాహ్నం 2:15

వాంతులన్నీ వైరస్ కావు. విశాఖ వృద్ధాశ్రమాల్లో పుట్టినరోజు భోజనాలు, తద్దినం భోజనాలు, పెళ్లిరోజు స్వీట్లు బయటి నుంచి వస్తాయి. దాతల మనసు మంచిదే, కానీ గుండిగలో అన్నం గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది.

తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు పదిమందికి ఒక్కసారే వాంతులు అయితే స్టెఫైలోకాకస్ లేదా బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియాల విషాన్ని అనుమానించండి. మొదటిది పాల స్వీట్లు, చేత్తో కలిపిన పదార్థాల్లో. రెండోది పొద్దున వండి మధ్యాహ్నం దాకా ఉంచిన పులిహోర, ఫ్రైడ్ రైసుల్లో. ఆరు నుంచి 24 గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు ఎక్కువై వాంతులు తక్కువైతే పెద్ద గిన్నెల్లో నిలవున్న మాంసం కూర, సాంబారుల్లో పెరిగే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియా. నోరోవైరస్ అయితే 12 నుంచి 48 గంటల్లో ఒకరి తర్వాత ఒకరికి, మూడు నాలుగు రోజులపాటు వస్తూనే ఉంటుంది. తిండి తిననివాళ్లకీ, ఆయాలకీ కూడా వస్తుంది. సిస్టర్ గారి రిజిస్టరులో "క్రితం పూట ఏం తిన్నారు" అన్న గడి ఇక్కడే అక్కరకొస్తుంది.

మళ్లీ మరిగిస్తే సరిపోతుందనుకోవద్దు. పెర్ఫ్రింజెన్స్, బాసిల్లస్ బీజాలు మరిగే నీళ్లలోనూ బతుకుతాయి. అన్నంలో చేరిన బాసిల్లస్ విషం వేడికి చెడదు. వండాక 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, లేదా రెండు గంటల్లో వడ్డించేయాలి. మిగిలింది పెట్టుకోవాలంటే రెండంగుళాల లోతు ట్రేల్లో పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. గుండిగతో సహా ఫ్రిజ్‌లో తోసేస్తే పైన చల్లబడుతుంది, నడుమ రాత్రంతా గోరువెచ్చగానే ఉంటుంది.

దాతలకి ముందే చీటీ ఇవ్వండి: వండిన సమయం గిన్నె మీద రాసి తేవాలి, రెండు గంటలు దాటితే తీసుకోం, పాల స్వీట్లు వద్దు. చాలామంది నొచ్చుకోరు. "మా వంటశాలలోనే వండిస్తాం, సరుకులివ్వండి" అంటే ఇంకా మేలు. ప్రతి పూటా వండిన ప్రతి పదార్థంలోంచి వంద గ్రాములు మరగబెట్టిన స్టీలు డబ్బాలో తీసి, తేదీ రాసి 72 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. ఏదన్నా జరిగితే పరీక్షకి పంపడానికి అదే ఆధారం.

పెందుర్తి_ప్లాను
సోమవారం, సాయంత్రం 4:40

చాలా ఉపయోగపడుతోంది. రెండు ప్రశ్నలు. ఆయా ఒంట్లో బాగోకపోయినా వస్తోంది, ఇంటికి పంపితే ఆ రోజు జీతం పోతుందని. ఇంకోటి, ఎవరినైనా వేరుగా ఉంచాలంటే ఖాళీ గది లేదు.

బీచ్‌రోడ్డు_డాక్టర్
సోమవారం, సాయంత్రం 5:25

మొదటిదే అసలు ప్రశ్న. మంచం పట్టిన మనిషి బయటికెళ్లి జబ్బు తెచ్చుకోడు. బయటి నుంచి రోజూ లోపలికొచ్చేది సిబ్బందే. 2020లో అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్‌లో ఒక నర్సింగ్ హోమ్‌లో (అక్కడ ఆ మాటకి అర్థం వృద్ధులుండే చోటు) కోవిడ్ పాకినప్పుడు మార్చి 18 నాటికి దానితో ముడిపడ్డ కేసులు 167: అక్కడ ఉండేవాళ్లు 101, సిబ్బంది 50, చూడటానికొచ్చినవాళ్లు 16. లక్షణాలున్నా డ్యూటీకి రావడం, ఒకే మనిషి రెండు మూడు చోట్ల పనిచేయడం దీనికి తోడ్పడ్డాయని దర్యాప్తు చేసినవాళ్లు రాశారు. ఇక్కడా అంతే. పగలు ఒక ఆశ్రమం, రాత్రి ఇంకో ఇంట్లో పేషెంటు కేర్ చేసే ఆయాలు ఎందరో. వాళ్ల తప్పు కాదు, జీతం చాలదు.

జ్వరంతో వస్తే జీతం, ఇంట్లో ఉంటే కోత అన్న నియమం పెట్టుకుని శానిటైజర్ మీద డబ్బు పోస్తే ఏం లాభం? రోజు కూలి 500 అనుకున్నా నాలుగు రోజులకి రెండు వేలు. పదిమందికి వాంతులై సెలైన్లు, అంబులెన్సులు, ఆసుపత్రి బిల్లుల ముందు ఇది ఏపాటి? జీతంతో కూడిన జబ్బు సెలవు రాతపూర్వకంగా ఇవ్వండి. వాంతులు, విరేచనాలైతే ఆగిన తర్వాత ఇంకో 48 గంటలు రాకూడదు. వంటవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఒంట్లో బాగైపోయిందని పదో గంటకే వచ్చి అన్నం వడ్డిస్తే మొదటికొస్తుంది.

సంపెంగ_సింహాచలం
సోమవారం, సాయంత్రం 5:50

జీతంతో సెలవిస్తే నెలకి నాలుగు రోజులు అందరికీ జ్వరాలే వస్తాయి. నడిపేవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ.

వాల్తేరు_సిస్టర్
సోమవారం, సాయంత్రం 6:15

అందుకే గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు పెట్టమనేది. డ్యూటీకి వచ్చాక ఉష్ణోగ్రత చూడండి, మూడు ప్రశ్నలు అడగండి: వాంతి, విరేచనం అయ్యాయా, దగ్గు, గొంతునొప్పి ఉన్నాయా, ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా. ఉందంటే నర్సే పంపించేస్తుంది, సెలవు నర్సు రాస్తుంది. ఆయా అడగక్కర్లేదు. దొంగ జ్వరాలు ఇద్దరు ముగ్గురివి ఉంటాయి, ఒప్పుకుంటా. అవి దాచుకున్న నిజమైన జ్వరాలంత ఖరీదు కావు. పిలిస్తే వచ్చే రిలీవర్లు ఇద్దరి నంబర్లు ముందే ఉంచుకోండి.

ఖాళీ గది లేకపోతే: వాంతులు అవుతున్నవాళ్లందరినీ ఒకే గదిలోకి చేర్చండి, ఒక ఆయాని ఆ గదికే వదిలేయండి. ఆ షిఫ్టులో ఆమె వేరే గదిలోకి పోకూడదు, వంటింట్లోకి అసలు పోకూడదు. ఆ గదికి వేరే కమోడ్, వేరే మగ్గు, వేరే మాప్. కదల్చలేని మనిషైతే పడకల మధ్య కనీసం ఒక మీటరు ఎడం, నడుమ తెర. పక్కపక్క పడకల్లో ఒకరి తల పక్కన మరొకరి కాళ్లు వచ్చేలా తిప్పండి. దగ్గు ముఖానికి తగలదు.

తుడిచే వరస కూడా: జబ్బు లేని గదులు ముందు, ఉన్న గది ఆఖరికి, టాయిలెట్ అన్నిటికన్నా చివర. ఎర్ర హ్యాండిల్ మాప్ టాయిలెట్‌కే. గ్లౌజులు వేసుకున్న చేత్తో ఒకరి డైపర్ మార్చి అదే చేత్తో పక్కావిడ దిండు సర్దడం రోజూ చూసే తప్పు. గ్లౌజు ఆయాని కాపాడుతుంది, ముట్టుకున్న మనిషిని కాదు.

మూత్రం సంచీలు ఖాళీ చేసే మగ్గు ఒకటే పెట్టుకుని వరసగా అందరివీ పోసుకుంటూ పోతారు. మగ్గు అంచు సంచీ కుళాయికి తగులుతుంది. ఒక మూత్రాశయంలోని మొండి బాక్టీరియా ఇలాగే పది మూత్రాశయాల్లోకి పోతుంది. ఎవరి మగ్గు వారిది, పేరు రాసి. సంచి మూత్రాశయం కంటే కిందుండాలి, నేలకి తగలకూడదు.

సుగర్ చూసే మిషను సంగతి ఎవరూ ఎత్తలేదు. సూది మార్చినా, వేలికి గుచ్చే పెన్ను ఒకటే అందరికీ వాడితే హెపటైటిస్ బి పాకుతుంది. వృద్ధులుండే చోట్ల ఈ కారణంగా వ్యాప్తులు జరిగాయి. ఒక్కసారి గుచ్చాక దానంతటదే పాడైపోయే లాన్సెట్లు (వేలికి గుచ్చే సూదులు) కొనండి. మిషను ప్రతి మనిషి తర్వాత తుడవాలి. ఇన్సులిన్ పెన్ను సూది మార్చినా సరే ఇద్దరికి వాడకూడదు. నెలకోసారి వచ్చే మంగలి బ్లేడు, గోళ్ల కత్తెర కూడా ఇదే లెక్క.

బీచ్‌రోడ్డు_డాక్టర్
సోమవారం, రాత్రి 8:10

గజ్జి గురించి. మిగతావి నాలుగు రోజుల్లో తేలిపోతాయి, ఇది నెలల తరబడి పీడిస్తుంది. మొదటిసారి సోకినవాళ్లకి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపు ఆ మనిషి చక్కగా కనిపిస్తూనే ఇంకొకరికి అంటిస్తుంటాడు. అందుకే దురద ఉన్నవాళ్లకే మందు రాస్తే ఎప్పటికీ అయిపోదు. ఒకే రోజు, ఒకే సాయంత్రం, ఉండేవాళ్లు, ఆయాలు, నర్సు, ఆయాల ఇంట్లోవాళ్లు, అందరికీ.

పర్మెత్రిన్ 5 శాతం క్రీము. పెద్దవాళ్లకి మెడ నుంచి కాలి గోళ్ల దాకా, వృద్ధులకైతే ముఖం, చెవుల వెనక, తల మాడు కూడా (కళ్లు, పెదాలు తప్పించి). ఒకరికి దాదాపు 30 గ్రాముల ట్యూబు పడుతుంది. వేళ్ల సందులు, బొడ్డు, నడుం మడత, రొమ్ముల కింద, గోళ్ల కింద మరవద్దు. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయించాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకి మళ్లీ రాయాలి, ఇది అందరూ మరిచిపోతారు. వారం తర్వాత రెండోసారి. చర్మం పొలుసులు కట్టి మందంగా ఉన్నవాళ్లకి క్రీము ఒక్కటే చాలదు, డాక్టరు ఐవర్‌మెక్టిన్ కలిపి ఇస్తారు. ఆ ఒక్క మనిషి దగ్గరే లక్షల పురుగులుండొచ్చు. వ్యాప్తి ఆగట్లేదంటే అలాంటివాళ్లు ఎక్కడో ఉన్నట్టే, వెతకండి.

మందు రాసిన మర్నాడు పొద్దున దుప్పట్లు, తువ్వాళ్లు, మూడు రోజుల్లో కట్టినవన్నీ 50 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతికించాలి. ఉతకలేనివి ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి వారం పక్కన పెడితే పురుగు చస్తుంది. బట్టలు బయట ఉతికించేటట్టయితే వాళ్లకి చెప్పి పంపండి, లేకపోతే అన్నీ కలిపేస్తారు. మందు పనిచేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉంటుంది. అది చూసి క్రీము రోజూ రాయకండి, చర్మం మండిపోతుంది.

దోమకాటు
మంగళవారం, ఉదయం 7:30

మీ ప్లానులో నెలకోసారి ఫాగింగ్ చూసి రాస్తున్నా. పొగ ఎగిరే దోమల్నే చంపుతుంది, అదీ ఆ కాసేపే. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు. నెలకోసారి పొగ పెడితే మధ్యలో మూడు విడతల దోమలు పుడతాయి. వారానికో రోజు, శుక్రవారం అనుకోండి, నీళ్లున్న ప్రతిదీ వంచి, గోడలు గీకి ఆరబెట్టాలి. గుడ్లు గోడకి అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోస్తే చాలదు. ఫ్రిజ్ వెనక నీళ్లు జారే ట్రే, కూలర్, మనీప్లాంటు సీసా, మేడ మీద కొబ్బరి చిప్పలు, ఎవరూ వాడని కమోడ్. ట్యాంకు మూత పగిలితే సన్నటి వల కట్టండి. ఈ దోమ పగలు కుడుతుంది, కాబట్టి మధ్యాహ్నం నిద్రకీ దోమతెర కావాలి. జ్వరం వచ్చిన మనిషి మొదటి ఐదు రోజులు తెర లోపలే ఉండాలి. దోమ ఆ మనిషిని కుట్టాకే కదా మిగతావాళ్ల దగ్గరికి పోయేది.

క్లోరిన్_లెక్క
మంగళవారం, ఉదయం 8:20

ట్యాంకు మాట వచ్చింది కాబట్టి. వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు మేడ మీద ఎండలో వేడెక్కుతుంది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య లెజియోనెల్లా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియాలో వ్యాపించిన న్యుమోనియాకి కారణమైన బాక్టీరియా ఇదే. తాగితే కాదు, తుంపరలుగా పీలిస్తే వస్తుంది. కాబట్టి నెబ్యులైజర్ (మందుని తుంపరలుగా పీల్పించే మిషను) కప్పు కుళాయి నీళ్లతో కడిగి వదలొద్దు. స్టెరైల్ నీళ్లతో కడిగి ఆరబెట్టండి. వారాలపాటు వాడని షవర్ తిప్పేముందు ఐదు నిమిషాలు వదిలేయండి, ఆ సేపు ఎవరూ లోపల ఉండొద్దు.

ట్యాంకు కడిగాక 1000 లీటర్లకి 5 శాతం హైపో ఒక లీటరు కలిపితే 50 పీపీఎం. అన్ని కుళాయిల్లోనూ వాసన వచ్చేదాకా తిప్పి, రాత్రంతా ఉంచి, పొద్దున పూర్తిగా వదిలేసి మంచినీళ్లు నింపండి. ఆ రాత్రి కుళాయిలకి కాగితం అంటించండి, ఎవరూ తాగకుండా. రోజువారీ నీటికి 1000 లీటర్లకి మంచి బ్లీచింగ్ పౌడరు రెండున్నర గ్రాములు, ముందు బక్కెట్‌లో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేట మాత్రమే పోయాలి. గంట తర్వాత చివరి కుళాయి దగ్గర పరీక్ష కిట్‌తో చూడండి. లీటరుకు కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగలాలి, విరేచనాలు నడుస్తున్నప్పుడు 0.5. ట్యాంకు దగ్గర కాదు, చివరి కుళాయి దగ్గర.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చాక కరెంటు, నీళ్లు లేక ఊరంతా ట్యాంకర్ల మీద పడింది. ట్యాంకర్ నీళ్లకీ ఇదే లెక్క, క్లోరిన్ చూడకుండా సంపులో దింపుకోవద్దు.

పెందుర్తి_ప్లాను
మంగళవారం, ఉదయం 9:00

టీకాలు ఏవి, ఎప్పుడు? విరేచనాలవాళ్లకి ఓఆర్‌ఎస్ ఎలా?

బీచ్‌రోడ్డు_డాక్టర్
మంగళవారం, ఉదయం 9:45

ఫ్లూ టీకా ఏటా. మన దగ్గర ఫ్లూ వానల్లో ఎక్కువ, చలి చివర మళ్లీ కొంత. కాబట్టి మే ముగిసేలోగా వేయించండి, పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది. ఉండేవాళ్లకి మాత్రమే కాదు, ఆయాలకీ వంటవాళ్లకీ కూడా. వృద్ధుల శరీరం టీకాకి అంతగా స్పందించదు. చుట్టూ ఉన్నవాళ్లు వేయించుకుంటేనే వాళ్లకి కాపు. న్యుమోనియా టీకా ఎవరికి ఏది అన్నది పాత టీకాల చరిత్ర చూసి డాక్టరు చెప్పాలి. ఫ్లూ ఖాయమైతే ఓసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే మేలు. కిడ్నీ సరిగా లేనివాళ్లకి మోతాదు తగ్గించాలి, అందుకే అందరి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష) రిపోర్టు ముందే ఫైల్లో ఉండాలి. అర్ధరాత్రి ల్యాబ్ దొరకదు.

ఓఆర్‌ఎస్‌లో ఒకే తప్పు పదేపదే జరుగుతుంది. పెద్ద ప్యాకెట్, దాదాపు 20.5 గ్రాములది, లీటరు నీళ్లకి. చిన్నది, దాదాపు 4.2 గ్రాములది, 200 మి.లీ. గ్లాసుకి. పెద్ద ప్యాకెట్ గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం, చిన్నది లీటరులో కలిపితే లాభం లేదు. తీపి టెట్రా ప్యాకులు ఓఆర్‌ఎస్ కావు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి ఎంత పట్టించాలో డాక్టరుని అడిగి, ఆ రోజు బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర ఆపాలో లేదో కూడా అప్పుడే అడగండి. నాలుక ఎండిపోయి, ఆరు గంటలుగా మూత్రం రాకుండా, మగతగా ఉంటే ఆగకండి, 108.

రెండు వారాలు దాటిన దగ్గుని ముసలితనం దగ్గు, ఆస్తమా అని వదిలేయొద్దు. కళ్లె రెండు సార్లు, ఒకటి అప్పటికప్పుడు, ఒకటి తెల్లవారి, టీబీ పరీక్షకి పంపండి. ప్రభుత్వ చెస్ట్ ఆసుపత్రిలోనూ, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనూ ఉచితం. కొత్తగా చేర్చుకునేముందే ఛాతీ ఎక్స్‌రే అడిగితే సగం తలనొప్పి తప్పుతుంది.

సంపెంగ_సింహాచలం
మంగళవారం, ఉదయం 10:30

బయటికి చెప్పాలా వద్దా? పేపరుకెక్కితే పేరు పోతుందని భయం.

వాల్తేరు_సిస్టర్
మంగళవారం, ఉదయం 11:00

చెప్పాలి, అదీ మొదటి రోజే. దగ్గర్లోని పట్టణ ఆరోగ్య కేంద్రం డాక్టరుకి ఫోన్ చేసి, కేసుల జాబితా పంపండి. అక్కడి నుంచి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయంలోని వ్యాధి నిఘా విభాగానికి పోతుంది. వాళ్లు నీటి నమూనాలు, మల నమూనాలు తీసుకుంటారు. మలం నమూనా యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీయాలి, శుభ్రమైన డబ్బాలో, ఐస్ మీద. మూడో రోజు చెప్తే అందరికీ మందులు పడిపోయి ఉంటాయి, కారణం ఎప్పటికీ తేలదు. కుటుంబాలకి కూడా మీరే ముందు ఫోన్ చేయండి. పక్కింటివాళ్ల నోట విన్నవాళ్లకే కోపం వస్తుంది.

చూడటానికి వచ్చేవాళ్లని పూర్తిగా ఆపేయొద్దు. పిల్లలు రాకపోతే అన్నం మానేసే పెద్దవాళ్లున్నారు. ఒకరికి ఒక్కరు, వరండాలో, మాస్కుతో, చేతులు కడిగి.

పెందుర్తి_ప్లాను
మంగళవారం, ఉదయం 11:25

ఆఖరి ప్రశ్న: అయిపోయిందని ఎప్పుడు అనుకోవాలి?

బీచ్‌రోడ్డు_డాక్టర్
మంగళవారం, మధ్యాహ్నం 12:10

నోరోవైరస్ అయితే చివరి కేసు తర్వాత నాలుగు రోజులు కొత్తది రాకపోతే. ఫ్లూకి వారం. గజ్జికి మాత్రం రెండో విడత మందు తర్వాత కనీసం ఆరు వారాలు, వారానికోసారి అందరి వేళ్ల సందులూ, నడుం మడతలూ లైటు వేసి చూడాలి. ఆ ఆరు వారాల్లో కొత్తగా చేరే మనిషి చర్మం గుమ్మంలోనే చూసి లోపలికి తీసుకోండి.